జర్నలిజమా, మీడియానా, థియేటరా: ముందు టైంటేబుల్ చూడండి

జర్నలిజంలో చేరతానని ఒకరు, మాస్ కమ్యూనికేషన్ అయితే ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుందట కదా అని ఇంకొకరు, థియేటర్ అంటే ఇంట్లో ఒప్పుకోవట్లేదు, మీడియా స్టడీస్ తీసుకుంటే అటూ ఇటూ పనికొస్తుందా అని మరొకరు, అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే ఇలా అడిగేవాళ్లు చాలామంది. అందరి టెన్షనూ పేరు గురించే. నేను మాత్రం ఒక్కటే అడుగుతాను: ఆ కోర్సులో రెండో ఏడాది టైంటేబుల్ చూశారా? మొదటి ఏడాది ఎక్కడైనా పరిచయ పాఠాలే. వారానికి ఎన్ని గంటలు మీ చేత పని చేయిస్తారు, చేసినదాన్ని ఎవరు దిద్దుతారు అన్నది రెండో ఏడాదిలో తెలుస్తుంది. డిగ్రీ విలువంతా అక్కడే ఉందని నా నమ్మకం.

ఈ నాలుగు చదువులూ ఇలా కలగాపులగం కావడానికి కారణం ఉంది. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీనే తీసుకోండి, అక్కడి స్కూల్ ఆఫ్ కమ్యూనికేషన్ 1878లో వక్తృత్వం నేర్పే బడిగా మొదలైంది. సభలో ఎలా మాట్లాడాలి, గొంతు ఎలా వాడాలి, రాసినదాన్ని పైకి ఎలా చదవాలి, ఇదే అప్పటి చదువు. అందుకే ఇప్పటికీ అక్కడ థియేటర్ విభాగం కమ్యూనికేషన్ గొడుగు కిందే ఉంది, జర్నలిజం మాత్రం 1921లో పుట్టిన మెడిల్ అనే వేరే స్కూల్లో ఉంది. ఇంకో చోటికి వెళ్తే ఈ అమరిక పూర్తిగా తిరగబడి కనిపించవచ్చు. కాబట్టి బోర్డు మీద పేరు చూసి లోపల ఏముందో ఊహించుకోవద్దు.

కమ్యూనికేషన్ డిగ్రీ విషయంలోనే ఎక్కువమంది మోసపోతారు. కెమెరా చేతికిస్తారనుకుని చేరతారు, తీరా చూస్తే చేతికొచ్చేది సర్వే ఫారం. 1948లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త హెరాల్డ్ లాస్‌వెల్ వేసిన ప్రశ్న ఈ రంగానికి పునాదుల్లో ఒకటి: ఎవరు, ఏం, ఏ మాధ్యమంలో, ఎవరికి చెప్పారు, దాని ప్రభావం ఏమిటి. ఆ ప్రశ్న మీకు నిజంగా ఆసక్తిగా అనిపిస్తే, ఒక ప్రచారం జనం మీద ఎందుకు పనిచేసింది, ఇంకోటి ఎందుకు బెడిసికొట్టింది అని లెక్కలు తీసి చూడటం ఇష్టమైతే, ఇది మంచి చదువే. కాస్త స్టాటిస్టిక్స్ కూడా ఉంటుంది, భయపడకండి. మీడియా డిగ్రీల్లో మళ్లీ రెండు రకాలున్నాయి. స్టడీస్ అంటే చూసి విశ్లేషించడం, ప్రొడక్షన్ అంటే తీయడం. రెండూ నేర్పుతామనే చోట ఎడిటింగ్ ల్యాబ్ రాత్రి ఎన్నింటి వరకు తెరిచి ఉంటుందో అడగండి, సంగతి తేలిపోతుంది.

ఇక జర్నలిజం. మిస్సోరీ యూనివర్సిటీలో వాల్టర్ విలియమ్స్ 1908లో జర్నలిజం స్కూలు పెట్టినప్పుడు, తరగతులు మొదలైన రోజే విద్యార్థుల చేత పత్రిక వేయించారు. కొలంబియా మిస్సోరియన్ పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది. పాఠం అయ్యాక పని అనలేదు, పనే పాఠం అన్నారు. అది ఎందుకు సరైనదో నాకు పత్రిక డెస్కులో చేరిన మొదటి వారంలోనే అర్థమైంది. నేను రాసిన చిన్న వార్తలో 'ప్రమాదంలో పలువురు గాయపడినట్లు తెలుస్తోంది' అని ఒక వాక్యం ఉంది. సీనియర్ సబ్ ఎడిటర్ పలువురు అన్న మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టి 'ఎంతమంది?' అని రాశారు, తెలుస్తోంది కింద గీత గీసి 'ఎవరికి?' అని రాశారు. ఆస్పత్రికి ఫోన్ చేశాను. నలుగురు. ఇద్దరికి స్వల్ప గాయాలు. ఆ రెండు ప్రశ్నలు ఇప్పటికీ నన్ను వదల్లేదు, అవి ఏ పుస్తకంలోనూ అంత గట్టిగా దొరకలేదు.

అయితే జర్నలిజం ఒక్కటే చదివితే చాలదని కూడా గట్టిగా చెప్తాను. పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ డబ్బుతో 1912లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో మొదలైన జర్నలిజం స్కూలు ఇప్పుడు పీజీ, ఆపై చదువులే ఇస్తోంది. ముందు వేరే ఏదైనా చదువుకుని రమ్మనే కదా దానర్థం. అమెరికాలో ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చే మండలి ఒక దశలో, దాదాపు 120 క్రెడిట్ల డిగ్రీలో 72 క్రెడిట్లు జర్నలిజం బయటి సబ్జెక్టుల్లోనే చేయాలని నియమం పెట్టింది. బడ్జెట్ చదవడం రానివాడు బడ్జెట్ వార్త ఏం రాస్తాడు? ఎకనామిక్స్, లా, బయాలజీ, ఏదో ఒకటి జతగా ఉండాలి. ఉద్యోగాల కోసమైనా ఉండాలి, ఎందుకంటే ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ లెక్క ప్రకారం అమెరికా న్యూస్‌రూముల్లో ఉద్యోగాలు 2008 నుంచి 2020 లోపు 26 శాతం తగ్గాయి. ఈ మాట దాచిపెట్టి పిల్లల్ని చేర్చుకోవడం అన్యాయం.

థియేటర్ దగ్గర కాస్త ఆగాలి. దీన్ని సరదా చదువు కింద కొట్టిపారేసేవాళ్లు ఒక్కసారి రిహార్సల్ చూడాలి. 'నేను వెళ్లొస్తాను' అన్న ఒక్క మాట ఉంటుంది. ఎవరితో అంటున్నావు, నిజంగా వెళ్లాలని ఉందా, ఆపుతారేమోనని చూస్తున్నావా అని డైరెక్టర్ అడుగుతారు. మళ్లీ చెప్పు. చివరి వరుసకు మొదటి అక్షరం వినపడలేదు, మళ్లీ. ఇరవై సార్లు అయ్యాక ఆ మాట గొంతులోంచి కాకుండా నిలబడ్డ తీరులోంచే వస్తుంది. ఆంగికం (శరీర కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) అని నాట్యశాస్త్రంలో భరతముని అభినయాన్ని నాలుగుగా విడదీసి చెప్పింది ఆ కాసేపట్లో కళ్లముందు కనిపిస్తుంది. తెర వెనక స్టేజ్ మేనేజర్ పక్కన కూర్చుంటే ఇంకో చదువు: లైటు ఎప్పుడు పడాలి, సౌండు ఎప్పుడు రావాలి, ఎవరు ఎటునుంచి వస్తారు, అన్నీ ప్రాంప్ట్ బుక్కులో రాసుకుని, క్షణం తేడా రాకుండా ముప్పై మందిని నడపాలి. డెడ్‌లైన్ అంటే ఏమిటో వీళ్లకు చెప్పక్కర్లేదు, తెర లేచే టైము మారదు.

ఇందులోనూ తేడాలున్నాయి. అమెరికా పద్ధతిలో బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అయితే చదువులో సుమారు మూడింట రెండొంతులు ఆ కళకే పోతుంది, ఆడిషన్ ఉంటుంది, బీఏ అయితే పక్కన వేరే సబ్జెక్టులకు చోటుంటుంది. నటనే జీవితం అని తేల్చుకున్నవాళ్లకు మొదటిది. ఇంకా తేల్చుకోని పదిహేడేళ్ల పిల్లలకు రెండోదే నయం అంటాను. ఇంట్లో ఒప్పించడానికి మీడియా అని పేరు పెట్టుకుని, మనసంతా స్టేజీ మీద పెట్టుకుని మూడేళ్లు గడపడం కన్నా, బీఏ థియేటర్‌తో పాటు మరో సబ్జెక్టు ఉందని తల్లిదండ్రులకు చూపించి మాట్లాడటం మేలు.

కాలేజీకి వెళ్లినప్పుడు బ్రోచర్ పక్కన పెట్టి, పోయినేడాది చివరి సంవత్సరం విద్యార్థి చేసిన పని ఒకటి చూపించమనండి. అచ్చయిన వార్తో, పది నిమిషాల డాక్యుమెంటరీయో, ఒక నాటకం ప్రాంప్ట్ బుక్కో, ఏదైనా సరే. దాంతోపాటు దాని మొదటి డ్రాఫ్ట్ కూడా అడగండి, టీచర్ దిద్దిన గుర్తులతో సహా.