గోటితో గీకితే సీసం పేరు చెప్పదు

అమెరికాలో సొంత వాడకానికి ఇంట్లోనే సీసం కరిగించి బుల్లెట్లు పోత పోసుకోవడం చట్టం ఒప్పుకునే హాబీ. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటా చేస్తే ఆయుధాల చట్టం కింద కేసే, ఆ సంగతి అందరికీ తెలిసిందే. నాకు తుపాకుల మీద మోజేమీ లేదు కానీ ఆ గరాజుల్లో రోజూ నడిచే ఒక గొడవ మాత్రం భలే ఇష్టం. పాత సామాన్ల కొట్లో కొన్న దిమ్మ ముందు పెట్టుకుని ఇందులో అసలేముందిరా అని తల బాదుకుంటారు చూడండి, అది.

ఒకప్పుడు ఇంత టెన్షన్ లేదు. కరిగించడానికి వాళ్లు ఏరి తెచ్చుకునే, కారు చక్రాలకి కొట్టే బ్యాలెన్సింగ్ ముక్కలంటే సీసమే, దాన్ని గట్టిపరిచే యాంటిమొనీ అనే మూలకం కాస్త కలిసి ఉండేది. యూరప్ 2005లో, కాలిఫోర్నియా 2010లో సీసం ముక్కలు ఆపేశాక బకెట్లోకి జింక్, ఇనుము వచ్చి చేరాయి. ఇనుము పైకి తేలుతుంది, ఏరి పారేయొచ్చు. జింక్ అలా కాదు. సీసం 327 డిగ్రీల దగ్గర కరిగితే జింక్‌కి దాదాపు 420 కావాలి, మంట కాస్త ఎక్కువైతే అదీ కరిగి కలిసిపోతుంది, కుండెడు సీసం అడుగంటిన జావలా తయారై అచ్చులో సరిగ్గా నిండదు.

అందుకని పరీక్షలు. గోటితో గీకడం, నేల మీద వేసి చప్పుడు వినడం, పెన్సిళ్లతో గీసి ఏది గీత పెడుతుందో చూడడం, కొంచెం డబ్బున్నవాళ్లయితే గట్టిదనం కొలిచే పరికరం కొనడం. శుద్ధ సీసం బ్రినెల్ స్కేలు మీద 5 దగ్గర ఉంటుంది, పాత ప్రెస్సుల్లో అక్షరాలు పోసిన లైనోటైప్ లోహం 22 దగ్గర. అంకె చూడగానే మనవాడు దిమ్మ మీద మార్కర్‌తో పేరు రాసేస్తాడు. నా పేచీ ఇక్కడే. గట్టిదనం లోహానికి గుణం, పేరు కాదు. అదే చక్రాల ముక్కల సీసాన్ని పోసి వేడి మీదే నీళ్లలో పడేస్తే, అందులోని యాంటిమొనీ, రవ్వంత ఆర్సెనిక్ పుణ్యమా అని కొన్ని రోజుల్లో దాదాపు లైనోటైప్ అంత గట్టిపడుతుంది. కలిపిందీ లేదు, తీసిందీ లేదు, అంకె మాత్రం మారిపోయింది. మరి ఆ అంకెని నమ్మి ఏం పేరు పెడతారు?

సాంద్రత కొలుద్దామా? నీళ్లలో ముంచి తూచడం, ఆర్కిమెడిస్ పద్ధతి, వినడానికి బాగుంటుంది. లెక్క వేసి చూడండి. నూరు గ్రాముల ముక్కలో 5 శాతం తగరం ఉన్నా, తగరం బదులు 5 శాతం యాంటిమొనీ ఉన్నా, అది పక్కకి తోసే నీళ్లలో తేడా 0.06 మిల్లీలీటరు, అంటే ఒక్క చుక్క. వంటింటి త్రాసు మీద ఆ చుక్కని పట్టుకుంటానని బయల్దేరేవాళ్లకి దణ్ణం.

తాతల నాటి నుంచి గోటితోనే సరిపెట్టుకున్నాం, డబ్బాకి గురి చూసి కాల్చుకునే బుల్లెట్‌కి ఇంత రసాయనశాస్త్రం ఎందుకు అంటారు కొందరు. బుల్లెట్ వరకైతే నిజమే, గురి తప్పితే తప్పుతుంది. కానీ ఆ దిమ్మ బ్యాటరీ ప్లేట్లు కరిగించి పోసింది కాదని గోరు చెబుతుందా? ప్లేట్లలోని యాంటిమొనీ, ఆర్సెనిక్, కాల్షియంతో తేలిన తెట్టుకి తడి తగిలితే స్టిబీన్, ఆర్సీన్ లాంటి ప్రాణాంతక వాయువులు పుట్టే ప్రమాదముంది. అనుభవమున్న పోతగాళ్లు బ్యాటరీ జోలికి పోవద్దని కొత్తవాళ్లకి చెప్పి చెప్పి అలిసిపోయేది అందుకే. కాబట్టి వేయాల్సిన ప్రశ్న ఇందులో ఏముందని కాదు, ఏం లేదని. దానికి జవాబు చాలావరకు ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ అనే పరికరం దగ్గర దొరుకుతుంది. ఎక్స్ కిరణం కొట్టి, తిరిగొచ్చే కిరణాల్ని బట్టి మూలకాల చిట్టా చూపిస్తుంది. అదీ పైపొరనే చూస్తుంది, ముందు గీకి పెట్టాలి. అక్కడి పెద్ద స్క్రాప్ యార్డుల్లో చాలాచోట్ల ఉంటుంది, మర్యాదగా అడిగితే కొట్టి పెడతారు.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకంటారా? 2020 డిసెంబరులో ఏలూరు గుర్తుందా? వందల మంది ఉన్నట్టుండి మూర్ఛపోతే, రక్తంలో సీసం, నికెల్ ఆనవాళ్లున్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది, తర్వాత వేలు పురుగుమందుల వైపు తిరిగింది. ఏ పదార్థమో తేలేలోపు ఊరు ఊరంతా హడలిపోయింది. మామూలు రోజుల్లో మనం అడిగేది ఎంత? కళాయి వేసేవాడి చేతిలోని కడ్డీ తగరమా, సీసం కలిసిన తగరమా అని ఎప్పుడైనా అడిగామా? సత్తు (తగరం) గిన్నెలో చారు రుచే వేరని మురిసిపోతాం, ఆ సత్తులో ఏముందో అమ్మినవాడికీ తెలియదు. సీసం చౌక, తగరం ఖరీదు, కల్తీకి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

బంగారం విషయంలో మాత్రం మనం గీటురాయితో ఆగలేదు. 2021 నుంచి హాల్‌మార్కింగ్ తప్పనిసరి చేసుకున్నాం, నగల కొట్ల వీధిలో కంప్యూటర్ టెస్టింగ్ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. అక్కడ ఉంగరం కింద వెలిగేది చాలాచోట్ల ఆ ఎక్స్‌ఆర్‌ఎఫ్ సూత్రమే. ఈసారి గొలుసు చూపించడానికి వెళ్లినప్పుడు సంచిలో చారు గిన్నె కూడా వేసుకెళ్లి, దీని సంగతీ చూడగలరా అని అడగండి. కొట్లో వాళ్లు నవ్వితే నవ్వనీయండి.