ఆమె చెప్పింది, తర్వాత?

మాది మహారాష్ట్ర సరిహద్దులోని ధర్మాబాద్. ఇక్కడ బాబాయిని కాక అంటాం. తెలుగిళ్లలోనూ అదే పిలుపు, పక్కింటి మరాఠీ వాళ్లకూ అదే పిలుపు. 2021లో ‘లవ్ స్టోరీ’ చూసిన రోజు నుంచి ఆ మాట చెవిన పడితే ఏదోలా ఉంటోంది. శేఖర్ కమ్ముల కథలో మౌనికను చిన్నప్పుడు లైంగికంగా వేధించింది సొంత బాబాయే. వాళ్ల ఊరు ఆర్మూరు. బాసర దగ్గర గోదావరి దాటి, బట్టలకనీ ఆసుపత్రికనీ మేం పోయే నిజామాబాద్‌కు ఇంకాస్త అవతల.

సినిమా వచ్చినప్పుడు అందరూ కులం గురించే మాట్లాడారు. తప్పు లేదు, అందులో ఆ గొడవ బలంగానే ఉంది. కానీ నన్ను పట్టుకున్నది మౌనిక భయం. బాబాయి ఎదుట బిగుసుకుపోవడాన్ని సాయి పల్లవి మాటల్లేకుండానే చూపించింది. తను ప్రేమించిన రేవంత్ మంచివాడని ఆమె మనసుకు తెలుసు, ఒంటికి ఇంకా తెలియదు. ప్రేమకూ నమ్మకానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని మన సినిమాలు పట్టించుకున్నది చాలా తక్కువ. ఒక పాట అయ్యేసరికి అన్నీ సర్దుకుపోతాయి కదా!

సినిమా చూసొచ్చాక మా వాడకట్టులో ఒకామె అన్నది: “నేనైతే ఇంట్ల చెప్ప. మా ఆయన ఊకుంటడా?”

అప్పటి నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే ఈ సినిమా చెప్పమంటూనే, చెప్పడానికి ఆడవాళ్లు ఎందుకు భయపడతారో ఆ భయాన్నే నిజం చేస్తుంది. మౌనిక చెప్పింది. రేవంత్ నమ్మాడు, అది గొప్ప విషయమే. కానీ ఆ తర్వాత కథ అతని కోపం చేతిలోకి వెళ్లిపోయింది. చివరికి బాబాయి అతని చేతిలోనే చచ్చాడు. హాల్లో ఈలలు పడతాయి, సరే. తన గాయంతో పాటు ఇప్పుడు మొగుడి కేసు టెన్షన్ కూడా ఆమె నెత్తికే వచ్చింది. అతను మరో నాలుగు రోజులు ఊరికే ఆమె పక్కన కూర్చుని ఉంటే? నిన్న చెయ్యి పట్టుకోనిచ్చిన మనిషి ఇవాళ ఉలిక్కిపడితే చిన్నబుచ్చుకోకుండా ఉండగలిగేవాడా? నేను చూడాలనుకున్న సినిమా అదీ.

ఇదేదో ఒక్క మౌనిక కథ కాదు. కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి 2007లో నివేదిక ఇచ్చింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నవాళ్లు 53.22 శాతం. చేసినవాళ్లలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లే.

ఆ తర్వాత 2012లో, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం వచ్చింది. అందులో 26వ సెక్షన్ నాకు ఇష్టం. బిడ్డ వాంగ్మూలాన్ని తల్లిదండ్రుల ముందు గానీ, బిడ్డకు నమ్మకం ఉన్న మరో మనిషి ముందు గానీ తీసుకోవాలి. బిడ్డ ఎలా చెబితే అలాగే రాసుకోవాలి. నమ్మకం అనే మాట చట్టంలోకి వచ్చిందంటే ఎవరో గట్టిగా ఆలోచించే రాశారన్నమాట. అవసరమైతే అనువాదకుల సాయం తీసుకోవచ్చని కూడా అదే సెక్షన్‌లో ఉంది.

సరిహద్దు ఊళ్లలో ఆ అవసరం మామూలే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, స్టేషన్‌లో రాసుకునేది మరాఠీలో. అమ్మకే సరిగా చెప్పుకోలేని సంగతిని పిల్ల తెలుగులో చెబితే, ఇంకొకరు మరాఠీలోకి మార్చాలి. ఇంత చిన్న ఊళ్లో ఆ మార్చే మనిషి కూడా తెలిసినవాడే కావచ్చు. ఆ పిల్ల అతన్ని కూడా కాక అనే పిలుస్తుండవచ్చు.