మూడు చాపల సంప్రదాయం

నలభై చదరపు మీటర్ల ఇంట్లో మంచం, వంటగది, బట్టలు ఉతికే యంత్రం, ఇద్దరు మనుషులు పట్టడమే గగనమైన టోక్యోలో, అదే ఇంట్లోకి శతాబ్దాల నాటి జపాన్ సంప్రదాయాన్ని కూడా సర్దగలుగుతున్న గృహాలంకరణ నిపుణులకు రెండు చేతులూ ఎత్తి నమస్కరించాలి. ఈ విద్యను అక్కడ 'వా మోదన్' అంటారు. 'వా' అంటే జపనీయత. 'మోదన్' అంటే ఆధునికత, అనగా అద్దె పెరగడానికి కారణం.

మన తెలుగు ఇంజినీర్లతో సహా భారతీయులు ఎక్కువగా కాపురముండే నిషి కసాయిలో ఇల్లు వెతుక్కునే రోజుల్లో, ఒక ఏజెంటు నాకు అలాంటి ఇంటిని చూపించాడు. హాలు మూలన మోకాలెత్తు అరుగు, దాని మీద అంచుపట్టీ లేని మూడు తతామి చాపలు, అరుగు కింద నాలుగు సొరుగులు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, దేవుడి గది తలుపు తీసినంత వినయంగా ఒక సొరుగు లాగి, ఇందులో వాక్యూమ్ క్లీనర్ పడుతుందన్నాడు. నేను వంగి చాప వాసన చూశాను. ఏ వాసనా లేదు. తుంగతో నేసినది కాదు, కాగితంతో చేసినది, రంగు వెలవదు అని ఆయన గర్వంగా చెప్పాడు.

రెండు చాపల గదిలో లోకాన్నే మరిచిపోవచ్చని పదహారో శతాబ్దంలోనే తేనీటి సంప్రదాయ గురువు సెన్ నో రిక్యూ చూపించాడు. ఆయన కట్టించాడని చెప్పే తేనీటి గది 'తాయ్ ఆన్' క్యోటో దగ్గర యామజాకిలో నేటికీ ఉంది. పాపం, ఆయనకు కింద సొరుగులు పెట్టించాలన్న ఆలోచన రాలేదు. ఆ గది అంత ఖాళీగా ఉండటానికి అదే కారణమై ఉండాలి.

గది వైశాల్యాన్ని చాపల లెక్కన చెప్పే ఆ దేశంలో, చాప కొలతలోనూ సంప్రదాయం చెక్కుచెదరలేదు. క్యోటో చాప 191 సెంటీమీటర్ల పొడవు, 95.5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అపార్టుమెంట్ల కోసం పుట్టిన 'దాన్చి' చాప సుమారు 170 పొడవు, 85 వెడల్పు. కాబట్టి ఆరు చాపల గది క్యోటోలో దాదాపు 11 చదరపు మీటర్లు ఉంటే, అపార్టుమెంటులో 9 కూడా ఉండదు. అయినా లెక్కకు ఆరు చాపలే గనుక ఎవరూ నొచ్చుకోనక్కరలేదు.

ఒక చిత్రపటమో ఒక్క పువ్వో ఉంచి, మిగిలినదంతా ఖాళీగా వదిలే గోడ గూటిని 'తోకోనోమా' అంటారు. గౌరవ అతిథిని దాని ముందు కూర్చోబెట్టడం ఆచారం. నేను చూసిన ఇంట్లో ఆ గూడు జానెడు లోతుంది, అందులో వైఫై రూటరు పచ్చ దీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ కొలువుదీరింది. అతిథికి సిగ్నల్ అక్కడే బాగా అందుతుంది. కిటికీకున్న షోజీ అనే కాగితపు తెర తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో పొరుగింటి గోడ, మూస్తే మెత్తటి వెలుగు. పొరుగింటి గోడను కవిత్వంగా మార్చే సాధనం మరే దేశంలోనైనా ఉందా?

ఈ నైపుణ్యం అందరికీ అబ్బదు. 1976లో ఒసాకాలోని సుమియోషిలో, ఇరుకు స్థలంలో కాంక్రీటు ఇల్లు కట్టిన వాస్తుశిల్పి తడావో ఆండో మధ్యలో మూడో వంతును ఆకాశానికి వదిలేశాడు. వాన పడితే పడకగది నుంచి మరుగుదొడ్డికి గొడుగు వేసుకుని వెళ్లాలి. ఆ నడిమి ముంగిట్లో ఎన్ని సొరుగులు పట్టేవో!

చివరకు ఆ ఇంట్లోనే దిగాను. మొన్న జూన్ వానల్లో వీడియో కాల్ చేసిన అమ్మ, "అరుగు బాగుందిరా, దాని మీద కూర్చుని మాట్లాడు" అంది. బట్టలు ఆరాక కూర్చుంటానని చెప్పాను.