ఎఫ్‌టీ8 గారికి కోనసీమ నుంచి ఒక విన్నపం

కంప్యూటరు సాయంతో రేడియోలో చిన్న సందేశాలు చేరవేసే పద్ధతి అయిన మహారాజశ్రీ ఎఫ్‌టీ8 గారి సముఖానికి, రాజోలు దగ్గరి పల్లె నుంచి ఒక హామ్ రేడియో లైసెన్సుదారు నమస్కరించి వ్రాయునది.

తమరు 2017లో అవతరించారనీ, తమ పేరులోని రెండు అక్షరాలూ ఫ్రాంకే, టేలర్ అనే పండితులవనీ, ఆ టేలర్ గారు 1993లో భౌతికశాస్త్రపు నోబెల్ అందుకున్నవారనీ తెలిసే, తమ రాకకు తగిన ఏర్పాట్లన్నీ చేశాను. దింపు తీసే అతన్ని బతిమాలి రెండు కొబ్బరిచెట్ల మధ్య పది మీటర్ల డైపోల్ యాంటెన్నా తీగ కట్టించాను. (‘టీవీ రాని తీగ ఎందుకండీ’ అని అతను అడిగిన ప్రశ్నకు నేటికీ నా దగ్గర జవాబు లేదు.) రేడియోను ల్యాప్‌టాప్‌తో కలిపి, ఎక్కువైతే పక్కవారి మీదికి ఒలికిపోతుందని, రేడియోలో ధ్వని మోతాదు మీరితే లేచే ఏఎల్‌సీ ముల్లు కదలనంతగా ధ్వని తగ్గించాను. రొయ్యల చెరువు మోటారు తిరిగినప్పుడల్లా రిసీవరులో లేచే రొదనూ సహించాను. మా ఊళ్లో పెళ్లి ముహూర్తమే అరగంట అటూఇటూ ఒదుగుతుంది గాని, గడియారం రెండు సెకన్లు దాటి తప్పితే తమరు మనిషిని ఆనవాలు పట్టరు గనుక, దాన్నీ సరిచేశాను.

ఇంత చేసి 14.074 మెగాహెర్ట్జ్ మీద కూర్చుంటే, తమరు నాకు ప్రసాదించిన భాషణ ఏమిటి? నా కాల్‌సైను (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు), అవతలివారి కాల్‌సైను, భూపటంలో నేనున్న గడి సంఖ్య, వారి సంకేతం ఎన్ని డెసిబెల్స్‌లో వినబడిందన్న లెక్క, చివరికి సెలవు తీసుకునే 73. పదిహేను సెకన్లకొక వంతు చొప్పున నిమిషంన్నరలో అంతా ముగిసిపోతుంది. సొంత మాట చెప్పుకోవాలంటే ఖాళీలతో కలిపి పదమూడు అక్షరాలు, అవీ ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలే. గుమ్మంలోకి వచ్చినవారిని ‘భోజనం అయిందాండీ’ అని అడగకపోతే మా జిల్లాలో మనిషిగా లెక్కగట్టరు. ఆ మాటే ఇంగ్లీషు లిపిలో కొడితే తమ వాకిట ‘భోజనం అయిన్’ దగ్గర తెగిపోయింది. ‘అండీ’ తెగిన గోదావరి పలకరింపు తగువు కిందికి వస్తుందని తమకెవరూ చెప్పలేదా?

గడి సంగతి మరీ అన్యాయం. రెండు డిగ్రీల రేఖాంశం, ఒక డిగ్రీ అక్షాంశం గల ఎన్‌కే06 అనే గడిలో మా రాజోలునూ, భీమవరాన్నీ, ఏలూరునూ, గుంటూరునూ ఒకే తాటికి కట్టి, కూతవేటులో ఉన్న అమలాపురాన్ని మాత్రం పక్క గడిలోకి నెట్టారు. కాయ ధర దగ్గరే ఏకాభిప్రాయం లేని మమ్మల్ని గుంటూరుతో కలపడానికి నోబెల్ కావలసివచ్చింది.

తమ గొప్పతనాన్ని కాదనను. చెవికి ఆనని, రొదలో ఇరవై డెసిబెల్స్ అడుగున మునిగిన సంకేతాన్ని తమరు పైకి తీస్తారు. కానీ అలా పైకి తీసిన మనిషిని ‘మైనస్ 18’ అని పిలిచి సాగనంపుతారు. తమ ఇంట పుట్టిన మరో పద్ధతి అయిన జేఎస్8 కుర్రవాడు 2018 నుంచి ఇష్టం వచ్చినంత టైపు చేసుకోనిస్తున్నాడు. 1998 నాటి పాత పద్ధతి పీఎస్‌కే31 గారైతే ముప్పై ఒక్క హెర్ట్జ్ సందులోనే ఊసులన్నీ సాగనిస్తారు. ఇక సాయంత్రాలు వారి అరుగు మీదే.

ఈ విన్నపాన్ని తమ పద్ధతిలోనే పంపుదామనుకున్నాను. పదమూడేసి అక్షరాల ముక్కలుగా, అరనిమిషానికొకటి చొప్పున, సుమారు రెండు గంటలు పట్టేటట్టుంది. అందుచేత పోస్టులో వేస్తున్నాను.

చిత్తగించవలెను.