ముందు కంచంలోని గ్రాములు లెక్కపెట్టండి

నా వయసు 47, బరువు 60 కిలోలు. మూడేళ్లుగా వారానికి మూడు రోజులు జిమ్‌లో బరువులు ఎత్తుతున్నాను. పాలు, పెరుగు తప్ప జంతువుల నుంచి వచ్చేది ఏదీ మా ఇంట్లో తినం. చేరిన మొదటి వారంలో అక్కడి ట్రైనర్ అన్న మాట ఇప్పటికీ మంటగానే ఉంది. "మేడమ్, పప్పన్నంతో కండ రాదు. గుడ్డు కూడా తినరు కాబట్టి మీకు వే ప్రొటీన్ తప్పదు." ఆ వెంటనే, విరిగిన పాల తేట నుంచి తీసే ఆ పొడి రెండు కిలోల డబ్బాను అద్దాల బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టారు. నమ్మి కొన్నాను. తాగిన ప్రతిసారీ కడుపు ఉబ్బరం. నాకు పెరుగు పడుతుంది కానీ పాలు అంతగా పడవు. ఆ డబ్బాలోది లాక్టోజ్ అనే పాల చక్కెర మిగిలి ఉండే కాన్సన్‌ట్రేట్ రకమని, లాక్టోజ్ దాదాపుగా తీసేసిన ఐసొలేట్ కూడా దొరుకుతుందని అక్కడ ఒక్కరూ చెప్పలేదు.

తర్వాత బఠానీ ప్రొటీన్‌కు మారాను. అప్పటి నుంచి రెండు వైపుల నుంచీ ఉపదేశాలే. మొక్కల ప్రొటీన్ అసంపూర్ణమని ఒకరు, పాల ప్రొటీన్ విషమని మరొకరు. ఇద్దరి మీదా నాకు కోపమే.

ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే ఇటుకలతో తయారవుతుంది. వాటిలో మెథియోనిన్ పప్పుల్లో తక్కువ, లైసిన్ బియ్యంలో తక్కువ. రెండూ తింటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. మినప్పప్పు, బియ్యం కలిపి ఇడ్లీ పిండి రుబ్బే మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. అవి ఒకే ముద్దలో కలవాల్సిన పని కూడా లేదు, రోజు మొత్తం మీద అందితే చాలు. మన కంచంలో అన్నం గుట్టగా ఉంటుంది, పప్పు గరిటెడు ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే.

2021లో బ్రెజిల్ పరిశోధకులు 38 మంది యువకులను తీసుకున్నారు. సగం మంది పూర్తి శాకాహారులు, పాలు కూడా ముట్టరు. మిగతా సగం అన్నీ తినేవారు. అందరికీ రోజుకు కిలో బరువుకు 1.6 గ్రాముల ప్రొటీన్ అందేలా చూశారు. తగ్గినదాన్ని మొదటివారికి సోయా పొడితో, రెండోవారికి వే పొడితో భర్తీ చేశారు. 12 వారాలు కాళ్ల వ్యాయామం చేయించాక చూస్తే కండలోనూ బలంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నిజమే, వాళ్లు కుర్రవాళ్లు. వయసు పెరిగేకొద్దీ కండ అంత తేలిగ్గా స్పందించదు, పూటకు మరికాస్త ఎక్కువ ప్రొటీన్ కావాలి. కండ నిర్మాణాన్ని మొదలుపెట్టించే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం 25 గ్రాముల వే ప్రొటీన్‌లో సుమారు 2.5 గ్రాములు ఉంటే, అంతే బఠానీ ప్రొటీన్‌లో 2 గ్రాముల దగ్గర ఆగుతుంది. ఈ విషయంలో పాలదే పైచేయి అని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అందుకే కొలత పెంచి 30 గ్రాములు దాటేలా వేసుకుంటాను. దానికి ఇంత యుద్ధం ఎందుకు?

ఒక ఆదివారం వంటింటి తూకంతో నా తిండి లెక్కగట్టాను. మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం పప్పన్నం పెరుగు, సాయంత్రం టీ, రాత్రి రెండు పుల్కాలు, కూర, కాస్త పెరుగు. మొత్తం 45 గ్రాముల ప్రొటీన్ కూడా తేలలేదు. కిలోకు 1.6 గ్రాముల చొప్పున నాకు కావలసింది 96. ఏ పొడి మంచిదని నెలల తరబడి వాదించిన నేను సగం ఆకలితో బరువులు ఎత్తుతున్నానని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు రోజూ 40 గ్రాముల మీల్ మేకర్ వండుకుంటాను, దాంతోనే 20 గ్రాములు వస్తాయి. గుప్పెడు వేయించిన శనగలు తింటాను. మిగతా లోటుకే పొడి. సోయా తింటే మగవారికి హార్మోన్లు దెబ్బతింటాయని భయపెట్టేవారికి ఒక మాట: ఇప్పటివరకు జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసినా టెస్టోస్టిరాన్ తగ్గినట్టు తేలలేదు.

నిజంగా మండిపడాల్సింది డబ్బా మీది అబద్ధం గురించి. 2024లో మన దేశంలో అమ్ముడయ్యే 36 రకాల పొడులను పరీక్షిస్తే, దాదాపు 70 శాతం వాటిలో ప్రొటీన్ వివరాలు తప్పు. కొన్నింటిలో చెప్పినదాంట్లో సగమే ఉంది. పరీక్షలో సాధారణంగా నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. గ్లైసిన్ అనే చవక అమైనో ఆమ్లం కలిపినా ఆ లెక్కలో ప్రొటీన్‌గానే తేలుతుంది. మొక్కలవి శుద్ధమనేవారు కూడా వినాలి. మొక్కలు నేలలోని సీసం, కాడ్మియం పీల్చుకుంటాయి, అవి పొడిలోకీ వస్తాయి. కాబట్టి ఏది కొన్నా ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు అడగండి. నేను మా జిమ్‌లో రెండుసార్లు అడిగాను, ఇవ్వలేదు. అక్కడ కొనడం మానేశాను.

కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. ఆ హెచ్చరిక వెనుక ఉన్న ఆందోళన నాకు అర్థమవుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా పొడి ముట్టకూడదు. 72 ఏళ్ల మా అమ్మకు నేనూ పొడి ఇవ్వడం లేదు. సాయంత్రం నాలుగింటికి మెత్తగా ఉడికించిన శనగ గుగ్గిళ్లు, గ్లాసుడు పాలు ఇస్తున్నాను. అవి తిన్నాక గోడ పట్టుకుని కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటుంది.