పెంకు వయసా, దూలం వయసా?

కందుకూరు దగ్గరి పల్లెలో ఒక మండువా ఇంటికి మరమ్మతులు మొదలుపెట్టే ముందు, ఆ ఇల్లు ఎప్పటిదన్న విషయమై ఇంటి యజమానికీ, సివిల్ ఇంజనీరైన ఆయన మేనల్లుడికీ జరిగిన వాదం ఇది.

మామయ్య: నిన్న దించిన పెంకు మీద ‘బాసెల్ మిషన్, 1865’ అన్న అచ్చు నువ్వూ చూశావు. మా ముత్తాతగారు ఆ ఏడే ఇల్లు కట్టించారనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

మేనల్లుడు: ఆ అంకె పెంకు కాల్చిన ఏడు కాదు మామయ్యా. మనం బెంగుళూరు పెంకు అనే ఈ రకం పుట్టింది మంగళూరులో. అక్కడ బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మత ప్రచార సంస్థ పెట్టిన పెంకుల కర్మాగారం మొదలైన సంవత్సరం 1865. ఆ తరువాత ఏళ్ల తరబడి అదే అంకెను అచ్చు వేశారు. పైగా పడమటి తీరపు సరుకు మన మెట్టకు సులువుగా చేరింది, 1899లో బెజవాడ, గూడూరుల మధ్య రైలు నడిచాకే. ఇల్లు ఆ తరువాతిదని నా అభిప్రాయం.

మామయ్య: పెంకు మారితే ఇల్లు మారినట్టా? అటకెక్కి వాసాలు చూడు, బెత్తెడు ఎడంలో ఉన్నాయి. బెంగుళూరు పెంకుకు అడ్డంగా కొట్టే సన్నని చెక్కలు, అదే రీపర్లు చాలు, ఇంత చిక్కగా వాసాలు అక్కర్లేదు. తాటి దబ్బలు పరిచి, వాటి మీద నాటు పెంకు బరువు మోపడానికి వేసిన కప్పు ఇది. రీపర్లు తరువాత కొట్టినవే.

మేనల్లుడు: కప్పు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కాని మండువా పడమటి దూలం అడుగున, ఏ స్తంభమూ లేనిచోట, కుసి, అంటే స్తంభం తల మీద సన్నగా చెక్కిన కొన, దూరడానికి తొలిచిన ఖాళీ బెజ్జం ఒకటుంది. అంటే ఆ దూలం మరో ఇంటి నుంచి వచ్చింది. పాత కర్రతో కొత్త ఇల్లు కట్టుకోవడం మన పల్లెల్లో మామూలే కదా.

మామయ్య: ఆ ఒక్క దూలం సంగతి సరే. మిగిలిన మూడింటి చివరలనూ, వాటి కింది స్తంభాల తలలనూ చూశావా? ఒక గాటుకు ఒక గాటు, రెంటికి రెండు, మూడింటికి మూడు సరిపోతాయి. ఏ స్తంభం ఏ దూలానికో తెలియడానికి వడ్రంగి ఉలితో పెట్టిన గుర్తులవి. ఒకే చేతి పని, ఈ ఇంటి కోసం చేసినది.

మేనల్లుడు: ఆ గాట్లు నేను గమనించలేదు. అలాగైతే చట్రం పెంకుకన్నా పాతదే, పడమటి దూలం మాత్రం తరువాతి మార్పు. కానీ చట్రం ఏ ఏటిదో గాట్లు చెప్పవు, కాబట్టి గుమ్మం మీద 1865 అని మాత్రం చెక్కించవద్దు.

మామయ్య: చెక్కించను. నువ్వు కూడా మేస్త్రీకి చెప్పు, ఆ గాట్ల మీద చిత్రిక పట్టవద్దని.