కారుకు పూనకం

"ఫీల్ వస్తుంది మామయ్యా" అన్నాడు మా మేనల్లుడు, కారు ఇంజిన్ కింద ఉండే రబ్బరు ముద్దలు పీకించి గట్టివి వేయించుకుని.

ఆ మాట విన్న రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ఫీల్ ఎక్కడ వస్తుంది? వస్తే ఎంతసేపు ఉంటుంది? దానికి మందులేమైనా ఉన్నాయా? వాడు చెప్పినదాన్ని బట్టి అది స్టీరింగులో పుట్టి, అరచేతుల మీదుగా పాకి, మెడ వెనక ఎక్కడో స్థిరపడుతుంది. మా వీధి చివర డాక్టరు గారు దీన్నే ఇంకో పేరుతో పిలుస్తారు. ఫీజు కూడా తీసుకుంటారు.

సంగతి తెలియని అదృష్టవంతుల కోసం కాస్త చెప్పాలి. కారులో ఇంజిన్‌ని నేరుగా బాడీకి బిగించరు. మధ్యలో మౌంటింగులని రబ్బరు ముద్దలుంటాయి. మనం తిరిగే చిన్న కార్లలో మామూలుగా మూడు: ఇంజిన్ వైపు ఒకటి, గేర్‌బాక్సు వైపు ఒకటి, ఇంజిన్ ముందుకీ వెనక్కీ తూలకుండా కింద పట్టుకునే బొమిక లాంటిది ఒకటి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ సిగ్నల్ దగ్గర ఊరికే నిలబడి నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నా, లోపల 1,600 సార్లు పేలుతుంది. అంటే సెకనుకు పాతిక పైచిలుకు గుద్దులు. ఆ గుద్దుల్ని రబ్బరు తింటుంది, మనం సీట్లో కూర్చుని పల్లీలు తింటాం.

మా వాడి లెక్కలో ఈ రబ్బరు పాత చింతకాయ పచ్చడి. వాడి శాస్త్రంలో మౌంటింగులకు మూడు ఆశ్రమాలు. రబ్బరు గృహస్థులకు. పాలీ, అంటే పాలీయురేథేన్, సాధకులకు. సాలిడ్, అంటే అచ్చమైన అల్యూమినియమో ఇనుమో, సిద్ధపురుషులకు. అక్కడ ఇంజిన్‌కీ మనిషికీ నడుమ ఏ మాయా ఉండదు. పూర్తి అద్వైతం. ఆ మధ్య మా వాడు రెండో ఆశ్రమంలోకి అడుగుపెట్టాడు. ఖర్చు పదకొండు వేలు. రంగు ఎరుపు. బానెట్ ఎత్తితే తప్ప కనిపించదు కాబట్టి ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు బానెట్ ఎత్తుతాడు.

పాలీ అంటే అంతరిక్షం నుంచి ఊడిపడిందేమీ కాదు. 1937లో జర్మనీలో ఓటో బేయర్ అనే రసాయన శాస్త్రవేత్త దారి చూపించాడు. నురగలా పొంగిస్తే మీ పరుపు, గట్టిగా పోత పోస్తే మీ చెప్పు అడుగు. షోర్ ఏ అనే గట్టిదనపు కొలతలో కంపెనీ రబ్బరు 50, 60 దగ్గర ఉంటే ఈ పాలీలు 70 నుంచి 95 దాకా ఉంటాయి. ఎంత గట్టిదైతే ఇంజిన్ అంత తక్కువ కదులుతుంది. కదలని ఇంజిన్ తన కుదుపును బాడీకి అప్పజెబుతుంది. ఇందులో రహస్యమేమీ లేదు.

ఇంతకీ ఆ కారేమిటంటే 1,200 సీసీల కుటుంబ వాహనం. 110 చిల్లర న్యూటన్ మీటర్ల టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం. ఈ ప్రచండ శక్తికి రబ్బరు తట్టుకోలేదని మా వాడి బెంగ. పెరట్లో మేకపిల్లను కట్టేయడానికి ఏనుగు గొలుసు కొన్నాడన్నమాట.

ఆ కారులో మేం దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లికి ఒక పెళ్లికి బయల్దేరాం. ముందు వాడూ నేనూ, వెనక మా అమ్మా అక్కా. అమ్మ ఒళ్లో పెరుగు గిన్నె. పెళ్లివారింట్లో పెరుగు పుల్లగా ఉంటుందని ఆవిడకు డెబ్బై ఏళ్ల అనుభవం.

మలక్‌పేట సిగ్నల్ దగ్గర కారు ఆగింది. కారే ఆగింది, మేం ఆగలేదు. "ఎవరిదో ఫోన్ మోగుతోందిరా, ఎత్తండి" అంది అమ్మ. అందరం ఫోన్లు తీసి చూసుకున్నాం. ఎవరిదీ కాదు. పచ్చ లైటు పడి కారు కదలగానే ఆ ఫోన్ ఆగిపోయింది. చాదర్‌ఘాట్‌లో మళ్లీ మోగింది. "పాపం ఎవరో అవసరమై చేస్తున్నారు" అని అమ్మ బ్యాగంతా వెతికింది. నాంపల్లి వచ్చేసరికి తనే ఒక నిర్ణయానికొచ్చి, "ఇది నా ఒంట్లోంచే వస్తోంది, బీపీ ఏమో" అంది.

నేను మాత్రం డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ని చూస్తున్నాను. బయల్దేరినప్పుడు స్వామి మా వైపే చూస్తున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఆ వణుకుడికి అంగుళం చొప్పున పక్కకు తిరుగుతున్నాడు. లక్డీకాపూల్ దగ్గర ఒక చెవే కనిపించింది. ఖైరతాబాద్ వచ్చేసరికి మాకు పూర్తిగా వీపు పెట్టి అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు. పెద్దాయన కొలువుదీరే చోటు కదా, దండం పెట్టుకోవడానికనుకున్నా. పంజాగుట్ట దాటాక కూడా ఇటు తిరగలేదు. మా మీద అలిగాడని అప్పుడర్థమైంది.

కూకట్‌పల్లిలో అమ్మ గిన్నె మూత తీసింది. పైన వెన్న తేలుతోంది. అడుగున మజ్జిగ. "కవ్వం లేకుండా ఇంత బాగా ఎలా చిలికావురా?" అని మనవణ్ని మెచ్చుకుంది. వాడు నా వైపు గర్వంగా చూశాడు. "ఇదే ఇలా ఉంటే, సాలిడ్ వేస్తే ఇంకెలా ఉంటుందో ఊహించుకో" అన్నాడు.

ఊహించక్కర్లేదు నాయనా, చరిత్రలో ఉంది. వెనకటి కార్లు చాలావాటిలో ఇంజిన్‌ని ఫ్రేముకు నేరుగానే బిగించేవాళ్లు. ఎక్కినవాళ్ల పళ్లు కటకటలాడేవి. 1931లో క్రైస్లర్ వాళ్లు ప్లిమత్ కారులో ఇంజిన్‌ని రబ్బరు మీద ఊగనిచ్చి, దానికి 'ఫ్లోటింగ్ పవర్' అని పేరు పెట్టి ఊరూవాడా చాటుకున్నారు. ఫ్రాన్సులో సిట్రోయెన్ ఆ హక్కులు కొనుక్కుని, నీళ్లమీద సాగే హంస బొమ్మను గుర్తుగా పెట్టుకుంది. ఆ హంసను కోసి కూర వండుకోవడాన్నే ఇప్పుడు అప్‌గ్రేడ్ అంటున్నారు. పైగా మన పల్లెవెలుగు బస్సెక్కితే కిటికీ అద్దాలు పాడే పాటతో సహా ఆ ఫీలంతా టికెట్‌లోనే వస్తుంది.

రేసు ట్రాకు మీద పరిగెత్తే కారుకు గట్టి మౌంటింగులు కావాలి, నేను కాదనను. అక్కడ ఇంజిన్ తూలితే గేరు సరిగ్గా పడదు, చక్రాలు ఎగిరెగిరి పడతాయి. ఆ కారు పరుగు నిమిషాల లెక్క, అయ్యాక విప్పి బ్రాకెట్లలో పగుళ్లు వెతుకుతారు. మా వాడి పరుగు ఎల్బీనగర్ ఫ్లైఓవర్ దాకా, అదీ ఆదివారం.

రాత్రి తిరుగు ప్రయాణంలో అమ్మ ఆ కారెక్కనంది. క్యాబ్ పిలిచాను. ఎక్కి కూర్చోగానే అదే వణుకు. అమ్మ మళ్లీ బ్యాగులో చెయ్యి పెట్టింది. "బాబూ, నువ్వు కూడా పాలీ వేయించావా?" అనడిగాను.

అతను నవ్వాడు. "మౌంటింగ్ చిరిగిపోయింది సార్. మూడు నెలలైంది. షెడ్డులో మంచి సరుకు వేయడానికి, కూలీతో కలిపి నాలుగు వేలంటున్నారు. ఈఎంఐ కట్టాక చూద్దామని. ఉస్తాద్ టైరు ముక్క దోపాడు, రెండు రోజులు ఆగింది." పద్నాలుగు గంటలు ఆ సీట్లోనే ఉంటాడట. నడుముకు బెల్టు. నిన్న ఎవరో బండి వణుకుతోందని ఒక్క స్టారే ఇచ్చారట, కంపెనీ నుంచి మెసేజ్ వచ్చిందట.

ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు. ఒకడు పదకొండు వేలు పోసి కొనుక్కున్న వణుకునే ఇంకొకడు నాలుగు వేలు లేక నడుంతో మోస్తున్నాడు. మొదటివాడు ఆ వణుకును వీడియో తీసి నెట్‌లో పెడితే లైకులు, రెండోవాడికి ఒక్క స్టారు. ప్రతి ట్రిప్పులో వాటా కోసుకునే కంపెనీకి అతని రేటింగు పావు పాయింటు తగ్గితే తెలుస్తుంది కానీ అతని నడుము సంగతి తెలియదు. ఆ స్టారు ఇచ్చిన పెద్దమనిషి ఎవరో గానీ, ఒక్క పూట ఆ సీట్లో కూర్చోబెట్టాలి. పక్కన మా వాణ్ని కూడా. ఫీలట, ఫీల్!

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఆ క్యాబ్‌దీ మా వాడి కారుదీ ఒకటే ఇంజిన్, వెనక డిక్కీ ఒక్కటే తేడా. మా వాడు విప్పేసిన రబ్బర్లు ముప్పై వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. డ్రైవర్ నంబరు నా దగ్గరుంది. వెంటనే అక్కకు ఫోన్ చేశాను.

"అవా? వాషింగ్ మెషీన్ కాళ్ల కింద పెట్టేశా తమ్ముడూ" అంది అక్క. "మూడే ఉన్నాయి కదా, నాలుగోదానికి అట్టముక్క పెట్టా. ఎంత బాగుందో తెలుసా, ఇప్పుడు అసలు కదలట్లేదు."